ఎనిమిది రేకుల తాళం

ఏలూరు,
3 జూలై 2025

భాయీ,

నేను బొమ్మలు చేసుకుంటూ కూర్చున్నానని సుల్తానా అత్త చెబితే నువ్వు నమ్మేశావట. “దానికి చిన్నతనం పోలేదు, చేసుకోనివ్వండి” అన్నావట కూడా. అత్త ఆ ముక్కని జైల్లో నీ ములాఖత్ నుంచి ఏలూరు దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, చెప్పులైనా విప్పకుండా అమ్మీ చేతిలో పెట్టింది. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్నాను కాబట్టి పొగరు. వచ్చిన సంబంధాలు వద్దన్నాను కాబట్టి మనసులో ఎవరో ఉన్నారు. నిన్ను తీసుకెళ్లిన రోజు ఏడవలేదు కాబట్టి నీ మీద ప్రేమ లేదు. ఇవన్నీ విన్నాను, మింగాను. ఈ మాట నీ నోటి నుంచి వస్తుందని మాత్రం అనుకోలేదు.

సలాం చెప్పడం మర్చిపోయాను. చెప్పినట్టే అనుకో. ఫోన్లో నీకిచ్చే కాసిని నిమిషాలూ అమ్మీ ఏడుపుకే చాలడం లేదు కాబట్టి ఇకనుంచి ఉత్తరాలు రాస్తాను.

నేను చేస్తున్నది తాళం. బీరువాకో గోడౌనుకో వేసే మామూలు తాళం కప్పే, కాకపోతే నా నడుం ఎత్తు ఉంటుంది. ఎందుకో చెబుతాను, నవ్వకు. లాయరు జ్యోత్స్న గారు నీ కేసు తీసుకున్న రోజున నన్ను కూర్చోబెట్టి, “అసలు తాళం ఎలా తెరుచుకుంటుందో చెప్పమ్మా” అన్నారు. లోపల ఒకదాని మీద ఒకటి రేకులుంటాయనీ, ఒక్కో రేకుకీ ఒక గాడి ఉంటుందనీ, సరైన తాళంచెవి ఒక్కో రేకునీ ఒక్కో ఎత్తుకి లేపి గాడులన్నీ ఒకే వరుసలోకి తెస్తే గడియ జారుతుందనీ, ఒక్క రేకు అటూ ఇటూ అయినా జారదనీ చెప్పాను. కాగితం మీద బొమ్మ కూడా గీశాను. ఆవిడ పెన్నుకి మూత పెట్టేసి, “నాకే ఎక్కలేదు తల్లీ. జడ్జి గారికి ఏం చెప్పను? అవతలి వాళ్లది మాత్రం ఒక్క ముక్కలో అయిపోతుంది” అన్నారు.

ఆ ఒక్క ముక్క నీకు తెలుసు. తాడేపల్లిగూడెంలో బుల్లిరాజు గారి గోడౌన్ నుంచి, చేపల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్ మోటార్లు పోయాయి. తాళం పగలలేదు. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది. ముందు వారం ఆ తాళానికి నూనె వేసి వెళ్లింది నువ్వు. అయిపోయింది. పాలు తాగే పిల్లాడికైనా అర్థమయ్యే కథ.

వాళ్ల కథ తాళం బయట ఉంది భాయీ. మనది లోపల ఉంది. లోపలున్నది అగ్గిపెట్టెలో పట్టేంత. అందుకే దాన్ని కోర్టు హాల్లో చివరి బెంచీ వాళ్లకి కూడా కనిపించేంత చేస్తున్నాను. ముందువైపు మూత బదులు అద్దంలాంటి అక్రిలిక్ షీటు. పాత తాళంలో స్ప్రింగులు సడలిపోతే ఒక్క సుత్తి దెబ్బకి రేకులన్నీ ఎగిరి గడియ జారుతుందని నా నమ్మకం. అది కళ్లకి కట్టిందంటే తాళాలవాడే అక్కర్లేదని తేలిపోతుంది.

ఆ బొమ్మ ఇది.

నీ చిన్నతనం పోని చెల్లెలు,
మెహర్


సబ్ జైలు, తాడేపల్లిగూడెం,
9 జూలై 2025

మెహరూ,

సలాం. అత్తతో నేనన్నది “చేసుకోనివ్వండి” అని మాత్రమే. ముందున్న మాటలు ఆవిడ దారిలో కలుపుకుంది. బస్సు భీమడోలు దాటేసరికి ఏ మాటైనా ఆవిడ దగ్గర పిల్లల్ని పెడుతుంది, నీకు తెలియనిదేముంది.

నేను బాగానే ఉన్నాను. గాలి ఇటు తిరిగితే ఉల్లిపాయల మార్కెట్ వాసన వస్తుంది. బస్టాండు దగ్గర నా బంకులో కూర్చున్నట్టే ఉంటుంది. ఇక్కడ నన్ను తాళం బాబాయి అంటారు. “ఆ గేటు ఎంతసేపు పడుతుంది బాబాయ్ నీకు?” అని రోజూ ఎవడో ఒకడు అడుగుతాడు. నవ్వి ఊరుకుంటాను.

తాళం సంగతి. వద్దు. చెయ్యకు. చెయ్యక తప్పదనిపిస్తే బయట ఎంత పెద్దదైనా చేసుకో, రంగు వేసుకో, పూలదండ వేసుకో. లోపలికి పోకు. ఉత్తరాలు ఇక్కడ చదివే పంపుతారు, అందుకని ఇంతకంటే రాయడానికి లేదు.

అబ్బా కళ్లలో చుక్కలు ఎవరు వేస్తున్నారు? నువ్వే వెయ్యి. అమ్మీ వేస్తే సగం చెంప మీద పడతాయి. చేతి వణుకు తగ్గిందా?

ఫర్హాన్


ఏలూరు,
14 జూలై 2025

భాయీ,

సలాం. పూలదండ ఇంకా కొనలేదు. పీర్ల పండగ వెళ్లిపోయింది కదా, దండలు చవకగానే ఉంటాయి.

ఇంత వెటకారం నీకెప్పుడు వచ్చింది? జైల్లో ఉన్నది నువ్వు. బయట ప్లైవుడ్ కోసం కట్టెల అడితీలన్నీ తిరుగుతున్నది నేను. “ఎన్ని అడుగుల తాళం అన్నావమ్మా?” అని ఒకడు, “పెళ్లికొడుకుని దాచిపెట్టడానికా?” అని ఇంకొకడు. వాళ్లకి జవాబు చెప్పి ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం. రంగు వేసుకో, దండ వేసుకో. నేను చేసే పనిలో లోపలున్నదొక్కటే పని, దాంట్లోకే పోవద్దంటావు.

సరే. మంచి మాట ఒకటి చెబుతాను. అబ్బా లేచారు.

నువ్వు వెళ్లాక ఆయన మంచం దిగి ఎరుగరు. నేను పెరట్లో రేకులు కోస్తుంటే కిటికీలోంచి చూస్తూ పడుకునేవారు. మొన్న ఉన్నట్టుండి, “అలా కాదమ్మా, గాడి లోపలి అంచు గుండ్రంగా ఉంటే రేకు జారుతుంది. నిలువుగా తియ్యాలి” అన్నారు. అని ఊరుకోలేదు. వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. చిన్న తాళం పట్టుకుంటే ఆయన వేళ్లు నిలవవు కదా. ఇది మూరెడు రేకు. రెండు చేతులతో గుండెకి ఆనించి పట్టుకుంటే వణుకు రేకులోకి పోయి అక్కడే ఆగిపోతోంది. ఆకురాయి పట్టారు భాయీ. ఎన్నాళ్లకో.

రేకులు వట్టి చెక్కవైతే అరిగిపోతాయని, అటకమీంచి మన బంకు పాత బోర్డు దింపించారు. ‘అహ్మద్ లాక్ వర్క్స్, పవర్‌పేట’. దాన్ని ముక్కలు చేసి ఒక్కో రేకుకీ తొడిగాము. అంచేత ఒక రేకు మీద ‘అ’ ఉంది, ఇంకోదాని మీద ‘హ్మ’ సగం. ఫోన్ నంబరు మూడు రేకులకి పంచాం. స్ప్రింగులకి మోపెడ్ స్టాండు స్ప్రింగులు సరిపోయాయి. తాళం పైనుండే కొంకి నీళ్ల పైపు వంచి చేశాం. తాళంచెవి నా చెయ్యంత పొడవు, రెండు చేతులతో తిప్పాలి.

వీధిలో వెళ్లేవాళ్లు ఆగి పలకరిస్తున్నారు. “ఏవండీ అహ్మద్ గారూ, మళ్లీ మొదలెట్టారా! మీ చెయ్యి పడ్డ తాళం ఇప్పటికీ వెన్నలా తిరుగుతోందండీ.” ఆ మాట విన్నప్పుడల్లా ఆయన ముఖం చూడాలి. అమ్మీ ఆ పూట ఒక గరిటె కూర ఎక్కువ వేస్తుంది.

దీన్ని ఆపమంటావా ఇప్పుడు?

మెహర్


సబ్ జైలు, తాడేపల్లిగూడెం,
20 జూలై 2025

మెహరూ,

అబ్బా లేచారంటే సంతోషం. నిజంగానే.

కానీ ఆయన్ని దాంట్లోకి దించకు. ఆయన చేత ఆ తాళం చేయించకు. చేసినా నలుగురిలో పెట్టకు. ఎందుకని అడగకు, చెబితే వినే అలవాటు నీకెప్పుడూ లేదు, ఈ ఒక్కసారికి విను.

నా మాటకి వెటకారం అంటగట్టావు. లోపలికి పోవద్దని మామూలుగానే అన్నాను.

ఛార్జిషీటు వేశారట. ఒప్పుకుంటే ఆరు నెలలతో పోతుందని, ఇప్పటిదాకా ఉన్నది అందులోకే లెక్క కడతారని ఇక్కడ అనుభవమున్నవాళ్లు అంటున్నారు. జ్యోత్స్న గారితో ఒకసారి మాట్లాడాలి, రమ్మను.

ఫర్హాన్


ఏలూరు,
26 జూలై 2025

భాయీ,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నువ్వు అనకముందే నేనే అంటాను, నీ మాట వినలేదు.

తాళం పూర్తయింది. అబ్బా దాన్ని వాకిట్లో పెట్టించారు. నేను వద్దన్నాననే అనుకుంటున్నాను, గట్టిగా అన్నానో లేదో ఇప్పుడు గుర్తు లేదు. జనం చేరారు. నేను చెక్కతో నాలుగైదు దొంగ తాళంచెవులు చేసి పెట్టాను, కుర్రాళ్లు ఒక్కోటి పెట్టి తిప్పారు. అద్దంలోంచి అంతా కనిపిస్తోంది. ఏడు రేకులు వరుసలోకి వస్తాయి, ఎనిమిదోది తల ఎగరేస్తుంది, గడియ కదలదు. అందరూ చప్పట్లు. నేను చూపించాలనుకున్నది ఇది కాదు కదా. సుత్తి తీసుకుని కొట్టాను. ఒకసారి కాదు. చెక్క బీటలు వారిందే గానీ గడియ ఒక్క నూలుపోగంత కదల్లేదు.

అబ్బా నవ్వారు. “సుత్తితో కాదమ్మా, ఏనుగుని తెచ్చి కట్టినా రాదు” అన్నారు. లేచి, వంచిన ఇనుప చువ్వ తీసుకుని లోపలికి పెట్టి, ఒక్కో రేకునీ చంటిపిల్లని లేపినట్టు లేపుతూ, అందరూ చూస్తుండగా తెరిచేశారు. తెరిచి ఆ కొంకిని పైకెత్తి పట్టుకుని ఏమన్నారో తెలుసా?

“ఎనిమిది రేకుల తాళాన్ని చెవి లేకుండా తీసే చేతులు ఈ చుట్టుపక్కల నావీ, మా ఫర్హాన్‌వీ మాత్రమేనండీ!”

చప్పట్లు కొట్టబోయిన చేతులు దిగిపోయాయి. ఆయనకి అర్థం కాలేదు. ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఎవరో వెనకనుంచి, “అదేగా పోలీసులూ అంటున్నది” అన్నారు. అప్పుడు కూర్చున్నారు.

వీడియో తీశారు భాయీ. ఎవరు తీశారో తెలియదు, సాయంత్రానికి జంగారెడ్డిగూడెంలో ఉన్న అత్త ఆడపడుచు ఫోన్ చేసింది. జ్యోత్స్న గారు కూడా చూశారు. “ప్రభుత్వ ప్లీడరు గారు చూడకుండా ఉంటారని నేను అనుకోనమ్మా” అన్నారు అంతే. తిట్టినా బాగుండేది. అబ్బా మళ్లీ మంచమెక్కారు. అమ్మీ నాకు అన్నం పెడుతోంది గానీ నా వైపు చూడడం లేదు. కొడుకు మెడకి ఉచ్చు నేనే పేని, తండ్రి చేత బిగింపించానని సుల్తానా అత్త వీధి వినేలా అంటోంది. ఈసారి ఆవిడ కలిపింది ఏమీ లేదు.

నిన్నొకటి అడగాలి. అడగకుండా ఉండలేకపోతున్నాను. సరిగ్గా చేసిన తాళం తెలిసిన చెయ్యి పడితే తప్ప రాదని నేనే చేసి చూపించాను. నువ్వు మొదటినుంచీ లోపలికి పోవద్దంటున్నావు. నలుగురిలో పెట్టొద్దన్నావు. ఒప్పుకుంటానంటున్నావు.

నువ్వే తీశావా?

మెహర్


సబ్ జైలు, తాడేపల్లిగూడెం,
31 జూలై 2025

మెహర్,

అవుననే అనుకో.

పద్దెనిమిదో తారీఖు వాయిదా. ఆ రోజు ఒప్పుకుంటాను. ఆ తాళం పొయ్యిలో పెట్టు. ఇక రాయకు.

ఫర్హాన్


ఏలూరు,
7 ఆగస్టు 2025

భాయీ,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. జ్యోత్స్న గారి చేతికిస్తున్నాను. జవాబు కూడా ఆవిడకే ఇవ్వు. ఎవరూ చదవరు, ఉన్నదున్నట్టు రాయి.

“అవుననే అనుకో” అన్నది చదివి ఒక రోజంతా అలాగే అనుకున్నాను. నిన్ను అసహ్యించుకోవడానికి కూడా ప్రయత్నించాను, నువ్వు నాకు సైకిలు నేర్పినప్పటి నుంచీ వెతికి వెతికి. తర్వాత నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని చదివాను. లోపలికి పోకు. అబ్బాని దించకు. నలుగురిలో పెట్టకు. దొంగతనం చేసినవాడు కోర్టుకి భయపడతాడు. నువ్వు కోర్టు మాటే ఎత్తలేదు. ప్రతిసారీ నీ భయం అబ్బా దగ్గరే ఆగింది.

గోడౌన్ తాళం పోలీసుల దగ్గర సీలు వేసి ఉంది. కానీ దాని జంట కొల్లేటి చెరువుల మీద బుల్లిరాజు గారి మేత షెడ్డుకి ఉంటుందని, రెండూ ఒకే రోజు కొన్నవని, రెండూ అబ్బానే బాగుచేస్తూ వచ్చారని నాకు తెలుసు. నీకూ తెలుసు. గుండుగొలనులో బస్సు దిగి ఆటో ఎక్కాను. వాన పడి చెరువు గట్టంతా చిత్తడి. ఆటో అబ్బాయి సగంలో ఆపి, “ఇక్కణ్ణించి మీరూ మీ చెప్పులేనండీ” అన్నాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, చేపల మేత కంపులోంచి నడిచాను. కాలవ నిండా గుర్రపుడెక్క. ఒక్క మనిషి లేడు. నన్ను ఇక్కడ తోసేసినా అడిగేవాళ్లు లేరని కూడా అనుకున్నాను, నిజం.

బుల్లిరాజు గారు లేరు. వాళ్లావిడ సుబ్బలక్ష్మి గారున్నారు. నేనెవరో చెప్పాను. తలుపేస్తారనుకున్నాను. ఆవిడ నా కాళ్ల వైపు చూసి, “ముందు ఆ బురద కడుక్కో. తర్వాత పోట్లాడుకుందాం” అన్నారు. మజ్జిగిచ్చారు. తాళం చూడాలంటే, “చూసుకో తల్లీ. పోయినవి మోటార్లు, నీ మీద నాకేం కోపం? మీ నాన్న బాగుచేసిన తాళమే అది, ఇప్పటికీ వెన్నలా తిరుగుతుంది” అన్నారు.

వెన్నలా. ఆ మాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. మన వాకిట్లో చేసిన పెద్ద తాళం వెన్నలా తిరగలేదు భాయీ. ఎనిమిది రేకులనీ, ఎనిమిది స్ప్రింగుల్నీ ఒకేసారి లేపాలంటే నా మోచేతులు నొప్పెట్టాయి. వరండాలో ఆ తాళం చేతిలో పట్టుకుని నిలబడితే అది గుర్తొచ్చింది. ఆవిడ కొంగుకి తాళంచెవుల గుత్తి వేలాడుతోంది. “ఇందులో ఏదైనా ఒకటి ఇవ్వండి” అన్నాను.

“ఇది పచ్చళ్ల గదిదే! దీనికేం పడుతుంది?”

పట్టింది. ఒక్క తిప్పుకి కొంకి ఎగిరింది. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని, “ఓరి నాయనో, నా ఆవకాయ తాళంచెవితో వచ్చేసిందేవిటే! ఇన్నాళ్లూ దీన్ని నమ్ముకునే పడుకున్నామా!” అన్నారు.

విప్పాను. ఎనిమిది ఉండాల్సిన చోట మూడు రేకులున్నాయి, అవీ ఏ చెవి పడినా లేచేంతగా అరిగిపోయి. మిగిలిన ఐదు చోట్లా ఇత్తడి బిళ్లలు, తాళం గలగలమనకుండా. పాత పంపు స్టవ్వు రేకుతో కోసిన బిళ్లలు. అలాంటివి మన బంకులో తగరపు డబ్బాడు ఉన్నాయి. నాకు చెప్పక్కర్లేదు, అవి ఎవరి చేతివో.

నీకు ఇది తెలుసు. నూనె వేసిన రోజు నువ్వు గోడౌన్ తాళం విప్పావు. అవునా?

తాళం ఆవిడే నాకిచ్చేశారు. “మా ఆయనకి నేను చెబుతాను గానీ, కేసు పోలీసుల చేతికి వెళ్లిపోయిందంటారాయన. నువ్వు ఎవరికి చూపించుకోవాలో వాళ్లకి చూపించుకో. షెడ్డుకి తాడు కట్టుకుంటాం” అన్నారు.

మెహర్


తాడేపల్లిగూడెం,
11 ఆగస్టు 2025

మెహరూ,

జ్యోత్స్న గారు ఎదురుగా కూర్చున్నారు, తొందరగా రాస్తున్నాను.

అవును, చూశాను. మూడు రేకులు. మూసేసి నూనె వేసి, “కొత్త తాళం కొనుక్కోండి, పాతదైపోయింది” అన్నాను. బుల్లిరాజు గారు నవ్వి, “మీ నాన్న చెయ్యి పడ్డదాని ముందు కొత్తదెంతోయ్” అన్నారు. ఆ మాటకి నేనేం చెప్పను? మీకు ఇన్నాళ్లూ తాళం లేదండీ అని చెప్పాలా? నోరు రాలేదు. వారం తిరక్కుండా మోటార్లు పోయాయి.

ఆయన మోసం చెయ్యలేదు మెహరూ. అరిగిన రేకు పట్టేస్తుంటే, అలాంటి రేకు బజార్లో దొరక్కపోతే, తీసి బిళ్ల వేసేవారు. తేలిక చెయ్యడం అనేవారు దాన్ని. తాళంచెవి మార్చక్కర్లేదు, జనానికి సుఖం. ఏడాదికొకటి. అలా తీస్తూ తీస్తూ ఎన్ని మిగిలాయో ఆయన లెక్క చూసుకోలేదు. తాళం ఎంత ఖాళీ అయితే అంత మెత్తగా తిరిగింది, అంత పేరొచ్చింది. మన వాకిట్లో ఆయన నిజమనుకునే గొప్ప చెప్పుకున్నారు. తన చేతి తాళాలన్నీ అలాంటివేనని ఆయన నమ్మకం.

ఇప్పుడు ఆలోచించు. ఏలూరు బజార్లో, కొల్లేటి చెరువుల మీద, నల్లజర్ల దాకా ఆయన తేలిక చేసిన తాళాలు ఎన్ని వేలాడుతున్నాయో! ఈ మాట కోర్టులో పడితే అవన్నీ మన గుమ్మంలోకి వస్తాయి. ఎక్కడ ఏ చెంబు పోయినా అహ్మద్ తాళమే అంటారు. ఆయనకి కళ్లు పోతున్నాయి, చెయ్యి పోయింది. ఉన్నది పేరొక్కటే. నేను వయసులో ఉన్నాను, ఆరు నెలలు పోతే బయటికి వస్తాను, ఇంకో పని నేర్చుకుంటాను. ఆయన పేరు పోతే మళ్లీ రాదు.

నువ్వు తీశావా అని అడిగినప్పుడు నాకు బాధేసింది. తర్వాత హాయిగా కూడా అనిపించింది. నువ్వే నమ్మితే ఇక ఎవరూ తవ్వరని.

కాళ్లు పట్టుకుంటాను. అబ్బాకి చెప్పకు.

నీ
ఫర్హాన్


ఏలూరు,
16 ఆగస్టు 2025

భాయీ,

సలాం.

అబ్బాకి చెప్పాను.

ముందు మాటలతో చెప్పలేదు. పెద్ద తాళంలోంచి ఐదు రేకులు తీసేసి, వాటి చోట చెక్క బిళ్లలు పెట్టాను. దొంగ తాళంచెవుల్లో ఒకటి ఆయన చేతికిచ్చి తిప్పమన్నాను. తిప్పారు. గడియ జారింది. “ఇప్పుడు బాగా తిరుగుతోందమ్మా, తేలిక చేశావా?” అన్నారు, అలవాటుగా. అని, చేతిలో ఉన్న తాళంచెవి వైపు చూశారు. అది దాని తాళంచెవి కాదని చూశారు. సుబ్బలక్ష్మి గారిచ్చిన చిన్న తాళం విప్పినది విప్పినట్టే పళ్లెంలో పెట్టి ముందుంచాను. ఆయనకి కళ్లు సరిగా కనిపించవు కదా, వేలితో తడిమారు. ఒక్కో బిళ్లనీ తడిమారు. తన చేతి పని వేలికి తెలుస్తుంది.

పళ్లెం పక్కకి జరిపారు. నువ్వు అనుకున్నట్టు కూలిపోలేదు. నేను అనుకున్నట్టు, నా కొడుకుని విడిపించమ్మా అని కూడా అనలేదు. ఏమన్నారంటే,

“ఒప్పుకుంటే ఆరు నెలలే అన్నారు కదమ్మా.”

అంతే భాయీ. ఇద్దరూ ఒకటే మాట. నువ్వు ఆయన కోసం అన్నావు, ఆయన తన కోసం అన్నారు. అమ్మీ గుమ్మంలో నిలబడి విన్నది. బియ్యంలో రాళ్లేరుతూ విన్నది, ఏరిన రాళ్లు మళ్లీ బియ్యంలోనే వేసింది. “అమ్మీ, నువ్వు చెప్పు” అన్నాను. “నన్నడుగుతావేం, ఒకరు కడుపు, ఒకరు నీడ” అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు నేను జ్యోత్స్న గారి దగ్గరికి వెళ్లొచ్చేసరికి ఐదు రేకులూ మళ్లీ తాళంలో ఉన్నాయి. బిగించి ఉన్నాయి. స్ప్రింగులు కూడా సరిచేసి ఉన్నాయి. ఆ చేతులతో ఎలా పెట్టారో తెలియదు. నిన్నటికంటే నునుపుగా, ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా ఉన్నాయి. ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. నేను దాని ముందు కూర్చుని ఏడ్చాను. నిన్ను తీసుకెళ్లిన రోజు ఏడవలేదని అన్నారుగా, ఆ బాకీ తీరిపోయింది. ఆయన జీవితంలో చేసిన తాళాలన్నిట్లోకీ అదొక్కటే మంచి తాళం. అది నిన్ను లోపల ఉంచడానికి చేశారు.

మళ్లీ తీసేశాను. నేను తీస్తుంటే ఆయన తల తిప్పి చూశారు. తీసిన రేకుల మీద ‘అ’ వెళ్లిపోయింది, ‘హ్మ’ వెళ్లిపోయింది. తాళంలో ఉన్నవి ఫోన్ నంబరు ముక్కలు. ఎవరైనా చేస్తే ఇంట్లో మోగుతుంది. వాళ్లకి జవాబు నేను చెబుతాను. రేకులన్నీ ఉన్నాయో లేదో విప్పి చూసుకోమని, లేకపోతే కొత్త తాళం కొనుక్కోమని చెబుతాను.

పోలీసుల దగ్గరున్న తాళం సీలు తీసి విప్పించమని జ్యోత్స్న గారు అర్జీ పెడుతున్నారు. ఈ ఉత్తరం నీకు తెచ్చేదీ ఆవిడే. ఎందుకు విప్పాలో జడ్జి గారికి కళ్లకి కట్టాలంటే పెద్దది ఎదురుగా ఉండాలన్నారు. లోపలికి తేనిస్తారో లేదో ఆవిడకీ తెలియదు. తేనివ్వకపోతే కోర్టు మెట్ల దగ్గర పెడతాను. సుబ్బలక్ష్మి గారు పచ్చళ్ల గది తాళంచెవి పంపించారు. వాళ్లాయనకి తెలిసే పంపించారట.

నువ్వు ఒప్పుకుంటానంటే ఒప్పుకో. నీ నోరు నీది. నేను ఆపను. నువ్వు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా తాళం అక్కడ ఉంటుంది.

అబ్బాని రమ్మన్నాను. బట్టలు ఇస్త్రీ చేసి పెట్టాను. వస్తారో రారో నాకు తెలియదు.

సోమవారం పొద్దున్న మినీ లారీ వస్తుంది. తాళం మూడు రేకులతో తాడేపల్లిగూడెం వస్తుంది. మిగతా ఐదూ ఎవరు తీశారని అడిగితే అబ్బా పేరు చెబుతాను.

మెహర్